తెల్లకాయితం ఇల్లు

తాళమేసిన ఆ పెంకుటిల్లా? కొంటవా ఏంది బిడ్డా? కూసో. కొనే మొఖం కాదులే నీది. నాదీ కాదు. ఈ వయసుకు సర్కారు దగ్గర నా పేరు మీద ఉన్నది రేషన్ కార్డు ఒక్కటే, అండ్ల గూడ నన్ను ఆడమనిషి కింద రాసిండ్రు. ఆ ఇల్లు సోడాల కనకయ్యది. పోయి పదేండ్లాయె పాపం. జనగామ బస్టాండు కాడ గోలీసోడాలు అమ్మెటోడు. ఉద్యమం అప్పుడు జై తెలంగాణ అని మొదలు లేచే గొంతు ఆయనది, ఎనుక కీచుమనేది నాది. గా దినాలల్లనే లక్ష్మీనర్సమ్మవ్వ కాడ ఆ ఇల్లు కొన్నడు. అవ్వకు ముందూ ఎనుకా ఎవ్వలు లేరు. టేకుమట్లల చెల్లె వరసామె పక్కన సర్కారోళ్లు ఇల్లు ఇస్తున్నరని ఇది అమ్మింది. పైసలన్నీ ముట్టినయి. ఇగ రిజిస్ట్రేషన్ చేయించుకో అన్నా అని నేనంటే, "ఆగరాదు! మన రాష్ట్రం వస్తే సుంకం మాఫీ చేస్తరట. మన సర్కారు మన జేబుల చెయ్యి పెడుతదా?" అన్నడు. తెల్లకాయితం మీద అమ్మినట్టు సాదాబైనామా రాయించి ఊకున్నడు. సాక్షి సంతకం నేనే పెట్టిన. సగం పేరుకే కాయితం అంచు అయిపోయింది, మిగతాది బల్ల మీద పెట్టిన.

నెల తిరగలే, అవ్వ నెత్తిన సందూక పెట్టుకొని మళ్ల దిగింది. "జనగామల నీ పేరు మీద ఇల్లున్నదంట గదా, ఇంకోటి ఎట్లిస్తమన్నరు కొడుకా. ఉన్నప్పుడు ఉండాలె గద!" అని ముందటి అర్రల చాప పరిచింది. కనకయ్య పెండ్లాం మణెమ్మ ఊకుంటదా? "సుంకం కడుతవా, ఈ ముసలామెను నాకు సవితి లెక్క పెడుతవా?" అని సోడాసీసలన్నీ వాకిట్ల ఇసిరేసింది. అవ్వేమో, "పొయ్యి అటు పెట్టినవేందే, నా ఇంట్ల పొయ్యి ఎప్పుడూ ఇటే" అనేటిది. ఆఖరికి కనకయ్య దిగొచ్చిండు. పూరా సుంకమే కడుతనని అవ్వను ఆటోల ఎక్కించుకొని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయిండు. గేటుకు తాళం! సకల జనుల సమ్మె గదా. ఆ తాళం ఏసింది ఎవరు? సమ్మె టెంటుల కూసునే మేమే పోయి ముందటి రోజు ఏసినం. తాళంచెవి ఎవని జేబుల ఉన్నది? కనకయ్య జేబులనే! అవ్వ జేబు తడిమి, "తియ్యి మరి" అన్నది. "అవ్వా, అందరి కోసం ఏసిన తాళం, నా ఒక్కని పనికి తీస్తనా?" అన్నడు. "అయితే జేబుల చెవి పెట్టుకో, నెత్తి మీద నన్ను పెట్టుకో" అని ఎనుకకు తిరిగింది.

సమ్మె అయిపోయింది. అయితే కనకయ్యోళ్లకు పైసలు కుదిరినప్పుడు అవ్వకు జరం, అవ్వకు నయమైతే వీళ్లకు పైసలు లెవ్వు. గట్ల గట్ల రాష్ట్రమే వచ్చింది. మాఫీ అయితే రాలే. మణెమ్మనే పైసలు కూడబెట్టి, "పా, ఇయ్యాల తేల్చుకుందాం" అని ఆటో పిలిచింది. అవ్వ గడప మీద కూసొని మణెమ్మ కూరకు ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నది. కనకయ్య ఆమెను చూసిండు, ఆటోను చూసిండు. "ఏమంత తొందర? వచ్చే బడ్జెట్ల సుంకం తగ్గిస్తరేమో" అన్నడు. మణెమ్మ తిడుతదనుకున్న. "తగ్గితే తగ్గుతది, ఆగుదాం" అన్నది. అవ్వ తల గూడ ఎత్తలే, "ఆగుండ్రి. నా ఇల్లు, నాకేం తొందర!" అన్నది.

అవ్వ ఆ ముందటి అర్రలనే పోయింది. కొడుకు లెక్క కనకయ్యనే కొరివి పెట్టిండు. కాష్టం కాడికెళ్లి వస్తుంటే నేను ఊకోక, "ఇగ సంతకం పెట్టేటోళ్లు లేకపాయె, ఇల్లు ఎట్ల అన్నా?" అని అడిగిన. తువ్వాలతోని మొఖం తుడుచుకుంట, "సుంకమంతా మిగుల్చుకున్న గదరా" అన్నడు.

జర అటు జరుగు బిడ్డా, ఎండ మీదికొచ్చింది.