బొటనవేలికి దగ్గర జవాబు

వరదకి వంతెన కొట్టుకుపోయిన మరుసటేడు. మనవరాలికి లెక్కలు చెప్పే టీచరమ్మ ఓ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఇంట్లో నేనూ, మనవరాలూ ఇద్దరమే ఉన్నాం.

"కూర్చోను తాతగారూ, ఒక్క మాట అడిగి పోతాను. ఈ పిల్ల ఇంట్లో పాఠం చూస్తోందా?"

"చూస్తోంది."

"నా పద్ధతి తెలుసుగా? పాఠం ఇంట్లో ఫోన్లో చూడాలి. లెక్కలు బడికొచ్చి నా ముందు చెయ్యాలి."

"తలకిందుల బడి అంటుంది మా కోడలు."

"అననివ్వండి. పాఠం మధ్యలో ప్రశ్నలొస్తాయి. ఇంట్లో అన్నీ తప్పే నొక్కుతోంది. బళ్ళో అన్నీ ఒప్పే చేస్తోంది! ఏమిటీ విడ్డూరం?"

"ఊ."

"ఊ ఏమిటండీ! పక్కపిల్లది చూసి రాస్తోందని నా అనుమానం. రేపు లెక్కల పోటీకి పేర్లు పంపాలి. కాపీ కొట్టేదాన్ని ఎలా పంపను?"

"నేను కాపీ కొట్టలేదు టీచర్! ఒట్టు!"

"ఒట్లెందుకు, జవాబు చెప్పు. ఇంట్లో పాఠం ఎవరు చూశారు?"

"నేనే."

"తప్పులెవరు నొక్కారు?"

"అవి... నేనే. నేనే టీచర్."

"ప్రశ్నకి నాలుగు జవాబులిస్తే, ప్రతిసారీ అడుగున ఉన్నదే ఎందుకు నొక్కావే?"

"బొటనవేలికి అదే దగ్గర."

"నేను పిల్లనడిగాను తాతగారూ."

"ఊ."

"ఎవరి బొటనవేలికి?"

"తాతయ్యా! నేను సర్దిచెబుతున్నానుగా! మధ్యలో నువ్వెందుకు?"

"నువ్వాగవే. తాతగారూ, మీరా నొక్కింది?"

"నొక్కకపోతే ముందుకి పోదమ్మా."

"ఏది?"

"పాఠం. మధ్యలో ఆగి కూర్చుంటుంది. ఏదో ఒకటి నొక్కితేగాని కదలదు."

"మధ్యాహ్నమే చూసేస్తాడు టీచర్, నేను బళ్ళో ఉండగా. ఒకసారి నొక్కాక మళ్ళీ నన్ను నొక్కనివ్వదు ఆ ఫోను. పాఠం మాత్రం నేను సాయంత్రం చూస్తాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నాన్న తాతయ్యకి ఫోన్ ఇవ్వడు."

"అయ్యో రామా. అయితే తాతగారూ, పాటలు లేవా, సినిమాలు లేవా? నా పాఠాలు ఎందుకండీ మీకు?"

"మూడో తరగతిలో బడి మానిపించారు. తీసివేతల్లో ఉన్నాం."

"అయితే?"

"తరవాత ఏమైందో చూద్దామని."

"ఆ కుర్చీ ఇలా జరపవే, కూర్చుంటాను."

"దాని పేరు పంపుతావామ్మా?"

"పంపుతాను. రేపు బోర్డు దగ్గర ఓ లెక్క చేయించి మరీ పంపుతాను. అది చేస్తుంది, నాకు తెలుసు. ఇక మీ సంగతి."

"ఫోన్ ముట్టనులే."

"అదేం కుదరదు. నా క్లాసులో ఒకటే నియమం. ఇంట్లో పాఠం చూసినవాళ్ళు బడికొచ్చి లెక్కలు చెయ్యాలి. ఎవరైనా సరే."

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని, మనవరాలి వెనకే బడికి వెళ్ళాను. చివరి బెంచీలో ఇద్దరు పిల్లలు జరిగి చోటిచ్చారు. టీచరమ్మ హాజరు పిలిచింది, చివర నా పేరూ పిలిచింది. లేచి నిలబడి పలికాను.