చుక్కల్లేని కత్తి

ఏమప్పా క్రాంతీ, ఆ సానరాయి మిషన్ రోంతసేపు ఆపు, చెవులు గుయ్యిమంటాండాయి. యాడ, కత్తులు చేసేకి ఫోన్‌లో తెప్పించినావంట గదా ఆ ఉక్కు రేకులు, ఇట్ల చూపీ. ఇది మూడున్నూర్ల యాభై, ఇదేమో పన్నెండు నూర్లా? రెండూ నల్లగనే ఉండాయి గదరా, పొడుగూ ఒగటే, మందమూ ఒగటే. "మోసం తాతా" అంటాండావా? అను నాయనా, అను. నేనూ అట్ల అన్నోణ్ణే. మీ అవ్వ రాహేలమ్మ బతికినన్నాళ్ళూ ఒగటే మాట, "అనుమానం ముందు పుట్టె, మీ తాత తర్వాత పుట్టె" అని. చర్చిలో పాస్టరయ్య తోమా కత, ప్రభువు గాయాల్లో ఏలు పెట్టి చూస్తేగాని నమ్మనన్నోడి కత, ఎత్తుకుంటే చాలు, ఆడోళ్ళ దిక్కు నుంచి నన్నే చూస్తాండె. మా మామ పెండ్లికి పెట్టిన గడియారాన్ని నేను ఆలూరులో మూడు అంగళ్ళలో చూపిస్తి లే, అసలుదా నకిలీదా అని. అసలుదే. సరే, అది వేరే ముచ్చట.

కమ్మరి పెద్ద ఈరన్నని నువ్వు చూళ్ళేదు. మీ నాయనకే అప్పుడు నాలుగేండ్లు. ఇప్పుడు నాగరాజ్ సెల్‌ఫోన్ల అంగడి ఉండాది చూడు, ఆ తావే ఆయప్ప కొలిమి. పొట్టి మనిషి, మాట తక్కువ, రెండు చేతుల మీదా నిప్పురవ్వల మచ్చలు. ఆయప్ప కత్తి చేస్తే పిడి కాడ చుక్కలు కొట్టేటోడు, మొలతో. ఇండ్లు కట్టే కడ్డీతో చేసినదానికి ఒగ చుక్క, ఎనిమిది రూపాయలు. లారీ కమాన్ పట్టీతో చేస్తే రెండు చుక్కలు, పదైదు. ఆదోని మిల్లుల కాడ అరిగిపోయిన ఆకురాళ్ళు, అదే ఇనుమును రాకే ఫైళ్ళు, ఏరి తెచ్చి చేసినవి మూడు చుక్కలు, నలభై! నలభై అంటే నాకు వారం కూలి. అన్నీ ఒగే గోనెసంచిలోంచి తీస్తాండె. అన్నీ నల్లగనే ఉండె. పైగా ఎర్రగా కాల్చినదాన్ని నూనెలో ముంచేటప్పుడు, "పోండప్పా పోండి" అని అందర్నీ బయటికి తోలి తలుపేసుకొనె. తలుపేసుకొని చేసే పని ఏ పని? నువ్వే చెప్పు.

ఒగసారి అడిగేస్తి, "ఏం మామా, అదీ ఇనుమే, ఇదీ ఇనుమే, ఈ నలభై యాడిది?" అని. ఆయప్ప తిత్తి ఊదేది ఆపకనే, "లేవీ, ఆకురాయి కత్తులు నాలుగు నూనెలో ముంచితే రెండు టక్కున పగులుతాయి. ఆ పగిలినవాటి బొగ్గులు, నా రెక్కల కష్టం ఎవరు కట్టియ్యల్ల? బతికిన రెండే కట్టియ్యల్ల. కడ్డీ పగలదు, దానికి పాణం లేదు" అనె. నాకు నమ్మకం రాలే. పగిలినవి చూపీ అంటి. "పగిలినవి ఎవరన్నా దాచిపెడ్తారా, మల్ల కొలిమిలోకే పోతాయి" అనె. చూడు, సాక్ష్యం గూడ లేకుండ చేసినాడు అనుకొంటి మనసులో.

ఇంగ నాకు తిక్క పట్టె. ఈ మనిషిని పట్టియ్యల్లంటే యెట్ల? ఒగ శనివారం ఆయప్ప బొగ్గులకు పోయినాడు. కొలిమి కాడ ఆయన పెండ్లాం సోమక్క ఒగతే ఉండాది. "కూర్చో లేవీ, మజ్జిగ తెస్తా" అని ఆయమ్మ లోపలికి పోయె. నేను ఒగ చుక్క కత్తి తీసుకొని, ఆయప్ప మొలతోనే ఇంగో రెండు చుక్కలు కొట్టేసి సంచిలో పెడ్తి. ఎందుకంటావా? సోమవారం పదిమందిని పిల్చుకొనిపోయి, "మామా, దీని ధరెంత?" అని అడగల్లని. నలభై అంటే దొంగ దొరికినట్లే గదా. ఆయమ్మ తెచ్చిన మజ్జిగ తాగే వస్తినప్పా. చల్లగా ఉండె, అల్లం దంచి వేసింటాది.

సోమవారం దాకా యాడ ఆగె! ఆదివారం నేను చర్చిలో పాటలు పాడ్తాండా, ఆడ మౌలాలి వచ్చి కత్తి కొన్నాడు. మేకలు కోసే మౌలాలి. మర్నాడే బక్రీదు. ఈరన్న ఇంగా రాలేదు, సోమక్క పాపం చుక్కలు లెక్కబెట్టి నలభై తీసుకొనె. ఆయమ్మకు ఏం తెలుసు. మొదటి మేకకు తెగెనంట. రెండోదాని కాడికి వచ్చేతలికి అంచు మొద్దుబారి పండుకొనె. ఆ నోరులేని జీవి గిలగిలా కొట్టుకొనెనంట. హలాల్ గాకుండ పాయె. పండగ పూట ఆ మాంసం ఎవరూ ముట్టలే. మౌలాలి ఆ నెత్తురు కత్తి పట్టుకొని ఏడ్సుకుంటా వచ్చినాడప్పా, అంత మనిషి. "నలభై తీసుకొని కడ్డీ ఇచ్చినాడు, ఈరన్న నా పండగ నాశనం చేసినాడు" అని బజార్లో అరిస్తే, హోటల్ కాడోళ్ళంతా కొలిమి ముందర చేరిరి. నేనూ చేరితి. ఎనకాల.

ఆ తెల్లారే ఊరికొచ్చిన ఈరన్న కత్తి తీసుకొని చుక్కల మీద ఏలు పెట్టి చూసె. ఆయప్ప మూడు చుక్కలు ఎట్లుంటాయంటే, పొయ్యిరాళ్ళ మాదిరి, మూడు మూలల్లో. నేనేమో ఒగ వరసలో కొట్టింటి. నా ఇంట్లో కొడవలి మీద గూడ పొయ్యిరాళ్ళే ఉండాయి, ఆ తొందర్లో గ్యాపకం ఉంటే గదా! ఆయప్ప తలెత్తి అందరి మొగాలూ చూసుకుంటా చూసుకుంటా నా కాడికొచ్చి ఆగె. నేను తల వంచుకొంటి, తేలు కుట్టిన దొంగ మాదిరి. సోమక్క "శనివారం ఈడ..." అని నోరు తెరిస్తే, ఆయప్ప చెయ్యెత్తి ఆపె. "తప్పు నాదే మౌలాలీ" అని నలభై వాపసిచ్చి, పైన ఇంగో మంచి కత్తి ఇచ్చె. నేను చెప్పల్ల అనుకొంటినప్పా. దేవుని తోడు, నోటి దాకా వచ్చె. రాలే.

ఆ పొద్దు నుంచి ఆయప్ప చుక్కలకు ధర లేదు. పత్తికొండ నుంచి వచ్చేటోళ్ళు గూడ, "అన్నీ కడ్డీలే గదా" అని ఎనిమిదికే అడిగిరి. ఎనిమిదికిస్తే పగిలినవాటికి ఎవరు కడ్తారు? ఆకురాయి కత్తులు చేసేది నిల్పేసె. రెండేండ్లకు కొలిమి ఆరిపాయె. పత్తికొండలో కూతురి కాడికి పోయి ఆడనే కన్నుమూసె. ఆ తలుపు సంగతి నాకు మొన్న నువ్వు చెప్పితేనే తెలిసె. ఎలుతురులో కాలిన ఇనుము రంగు సరిగా తెలీదు, చీకటి ఉండల్ల అంటివే. మాటవరసకు అంటివి నువ్వు, అది నా గుండెలో దిగబడ్తాదని నీకేం తెలుసు లే.

ఊరిడిసి పోయేనాడు మా ఇంటికొచ్చె. నా చేతిలో ఇదో, ఈ కత్తి పెట్టె. గుడ్డ విప్పు, నూనె అంటుతాది, పైలం. చూస్తివా, ఒగ చుక్కా లేదు. "ఎన్ని చుక్కలది మామా?" అంటి. "నువ్వే కొట్టుకో లేవీ. నీకు వచ్చిన పనే గదా" అనె. దుడ్లు ఇస్తే తీసుకోలే. ఎనక్కి తిరిగి చూళ్ళేదు.

నలభై ఏండ్లు. ఒగసారైనా రాయి మీద పెట్టలే దీన్ని. ఉల్లిగడ్డ కోయలే. మంచిదిస్తే క్షమించినట్లు, కడ్డీ ఇస్తే... ఇంగ నువ్వే అనుకో.

ఏమంటివి? మిషన్‌కు రోంత తాకిస్తే చాలా? మంచి ఉక్కయితే రవ్వలు పూలమాదిరి చిట్లుతాయి, కడ్డీ అయితే గీతలు గీతలుగా పోతాయి, నిమిషంలో తేల్చేస్తా అంటావా? తోమా అయినా ఏలు పెట్టి చూసె. నాకా ధైర్యం... వద్దు. వద్దురా, మిషన్ ముట్టొద్దు. ఇట్లియ్యి దాన్ని. గుడ్డ యాడ?

పత్తికొండలో టమోటా బాక్సు ఎంత పలికెనంట ఈ పొద్దు?