మూడు కత్తెర్లు

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి, గుండె వార్డు. మంచం మీద ఇరవయ్యారేళ్ళ సూర్యప్రకాష్, స్టూలు మీద వాళ్ళమ్మ సింహాచలమ్మ, ఇద్దరి మధ్యా సంతకం కాని కాగితం.

“ఎట్టరా నాయనా సంతకం. పెన్ను పట్టుకుని అరగంటయింది.”

“పెన్ను రాయట్లేదమ్మా.”

“ఇందాక దాంతోనే పేపర్లో గళ్ళు నింపినావు గదరా.”

“అరే మమ్మీ, ఛోడో నా. వచ్చే నెల చూద్దాం.”

“నెల నెలా ఇదే పాట. మెట్లెక్కలేకపోతన్నానని ఇల్లు కిందకి మార్పించినావు. రేపు మంచం దిగడానికీ ఆయాసమొత్తే?”

“అది సరే, పెద్దమ్మ గృహప్రవేశం ఐదు రోజులేటి? పొద్దున్న రైలు దిగి సీదా ఇక్కడికొచ్చావు. ఆ ముసుగేటి, పక్కింటి కొత్త కోడల్లాగ?”

“ఏసీరా. సెవులు లాగేత్తన్నాయి.”

“ప్రకాష్‌గారూ, పదకొండింటికి మీ నంబరు. ఫారం అయిందా?”

“రా సిస్టరమ్మా. ఫ్లోరెన్సు గదూ నీ పేరు? నువ్వే సెప్పు ఈడికి.”

“భయమేం లేదు. ఆరేళ్ళప్పుడు ఛాతీ కోసి పెద్ద రంధ్రం మూశారు కదా. ఆ అతుకు పక్కన చిన్న సందు మిగిలింది. ఈసారి కొయ్యరు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, బొత్తాం లాంటిది పెట్టి మూసేస్తారు.”

“గుండె కొట్టుకుంటుండగానేనా సిస్టర్?”

“కొట్టుకుంటుండగానే.”

“విన్నావా అమ్మా! షట్‌డౌన్ లేకుండా రన్నింగ్ లైన్లో లీకు కడతారంట. గమ్హరియా ఫ్యాక్టరీలో నేనా పని చేస్తే సూపర్‌వైజర్ గేట్‌పాస్ లాక్కుంటాడు.”

“చిన్నప్పుడు మీకు గుండె ఆపి, షట్‌డౌన్ తీసుకునే చేశారులెండి. ఇప్పుడక్కర్లేదు. పది నిమిషాల్లో వస్తాను.”

“ఒరే సూరీ. బయమేట్రా?”

“నాకా? భయమా? నాకేటి భయం?”

“నాకు సెప్పరా.”

“అప్పటి ఆపరేషన్ గది తలుపు గుర్తుందమ్మా. నన్ను తోసుకెళ్తుంటే నువ్వు బయటే ఉండిపోయావు. ఎంత ఏడ్చినా రాలేదు.”

“రానివ్వలేదురా నన్ను.”

“తెలుసులే. అయినా ఇది భయం కాదు. మొక్కు.”

“ఏ మొక్కు?”

“నన్నడుగుతావేటి? అప్పుడు సింహాద్రి అప్పన్నకి ఏటి మొక్కావ్? బిడ్డ గుండె బాగైతే నున్నగా గుండు చేయించుకుంటానన్నావా, లేదా?”

“...అన్నాను.”

“ఏటిచ్చావ్?”

“మూడు కత్తెర్లు.”

“కొసల్లో మూడు ముక్కలు కత్తిరించి చేతులు దులుపుకున్నావు! మోకాళ్ళ దాకా జడ నీకే ఉంచుకున్నావు. నువ్వక్కడ మిగుల్చుకున్నావు, ఆయనిక్కడ మిగిల్చాడు. చెల్లుకి చెల్లు.”

“ఓలమ్మో! ఎంత మాటన్నావురా!”

“మరి? ముందు గుండెకి గుండు ఇయ్యి. తర్వాత నా సంగతి.”

“నాను గుండు సేయించుకుంటే సంతకం ఎడతావా?”

“ఎందుకు పెట్టను? ఆ నిమిషంలో పెడతాను.”

“మాట మార్చవు గదా?”

“నేను మార్చను. నీవల్ల కావాలి కదా! జడకి నూనె రాయందే టీ తాగవు. కద్మాలో పెళ్ళికెళ్తే నలుగురికీ కనపడాలని జడ ముందుకేసుకుంటావు. నువ్వు గుండా?”

“ఇప్పుడు సింహాచలం ఎల్లాలంటే...”

“అదే నేనూ అంటున్నా. ఎళ్ళిరా. జల్దీ ఏం లేదు.”

“అయితే ఒట్టెయ్యి.”

“వేశాను, బస్.”

“నోటితో కాదు. నా తల మీద సెయ్యెట్టి.”

“ఇదిగో, పెట్టాను.”

“ముసుగు మీదెడితే ఒట్టు గుడ్డకి తగులుద్ది. లోపలికెట్టు సెయ్యి.”

“సరే బాబా. నీకు గుండయిన నిమిషంలో సంతకం పెడతాను, ఒట్... అమ్మా? అమ్మా! జడేదీ?”

“అప్పన్న దగ్గరుంది. జుట్టు మళ్ళీ వత్తాదిరా, నువ్వు మళ్ళీ వత్తావేటి? ఎట్టు సంతకం.”