కంచె పక్కన ఏడు రాళ్లు

దమయంతమ్మా, అట్లాంటా నుంచి పొద్దున్నే డ్రైవ్ చేసుకొచ్చిన మిత్రులారా, నా తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా టోపీలు తీసి వెనక వరసలో కూర్చున్న మన పైన్ హాలో ఊరి పెద్దలారా!

డాక్టర్ భీమశంకరం గారు పోయి పదకొండు రోజులైంది. ఆయన మంచితనం గురించి మీరంతా చెప్పారు. నేను మరొకటి చెప్పాలి. ఆయనంటే నాకు అసూయ. ఇరవై ఏళ్ల అసూయ. పోయాకా తగ్గలేదు. ఎంతమంది వచ్చారో చూడండి! నేను పోతే వస్తారా?

మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఈ ఊరి చరిత్ర. నేను కాలేజీ మొహం చూడనివాణ్ని. గ్యాస్ స్టేషన్‌లో, అదే మన పెట్రోలు బంకులో, కౌంటర్ వెనక కూర్చుని, కోర్టులోని పాత భూమి కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. పత్తి మిల్లు ఏ ఏడు మూతపడిందో నన్నడగండి. అడిగారా ఎవరైనా? ఊళ్లోవాళ్లు నా దగ్గర కాఫీ తాగి వాన గురించి మాట్లాడేవారు. అదే ఆయన తమ నోట్లోంచి థర్మామీటర్ తీయగానే తాతముత్తాతల కథ మొదలుపెట్టేవారు!

ఏటా మే నెలలో ఈ ఊరివాళ్లు శ్మశానం శుభ్రం చేసి, సమాధులకు పూలు పెట్టి, అక్కడే బల్లలు వేసుకుని తింటారు. మనం శ్మశానం నుంచి రాగానే స్నానం చేస్తాం, వీళ్లు చికెన్ తింటారు! సరే, దారి తప్పాను. ఒక ఏడు అక్కడ డాక్టరుగారి పులిహోర గిన్నె ఖాళీ అయింది. మరుసటేడు పంతం కొద్దీ నేను గారెలు పట్టుకెళ్లాను. డోనట్లనుకుని పంచదార అద్దుకున్నారు. ఆయనా ఒకటి అద్దుకు తిని, 'కొండల్ రావు గారూ, ఇలాగా బాగానే ఉందండీ' అన్నారు. ఆ మంచితనమే నాకు గిట్టేది కాదు.

ఆ శ్మశానంలో కంచె పక్కన పేర్లు లేని ఏడు రాళ్లున్నాయి. ఎవరివని ఆయన ఊరంతా అడిగారు. నన్నూ అడిగారు. తెలియదన్నాను.

తెలుసు. ఎప్పుడో ఒక ఎండాకాలం జ్వరంతో పోయిన, ఒకే నల్లవాళ్ల ఇంటి పిల్లలు. వాళ్ల చెల్లెలు, ఓలా మే అనే ముసలావిడ, నా కౌంటర్ దగ్గర నిలబడి ఏడు పేర్లూ చెప్పింది. రసీదు వెనక రాసి సొరుగులో దాచాను. ఈ ఒక్కటైనా నాది కావాలనుకున్నాను. ఓలా మే పోయింది. నేనూ పోయుంటే?

నిన్న దమయంతమ్మ తన భర్త నోటుబుక్కు నా చేతికిచ్చారు. 'ఏడు రాళ్లు' అని ఒక పేజీ. కింద రెండే వాక్యాలు: 'ఓలా మేకి మతిమరుపు, పేర్లు గ్యాస్ స్టేషన్ ఆయనకి చెప్పేశానంటోంది. కొండల్ రావు గారు ఇచ్చినప్పుడు రాయాలి.' తారీఖు ఎనిమిదేళ్ల కిందటిది. ఎనిమిదేళ్లు నా కాఫీ తాగుతూ ఒక్కసారైనా అడగలేదు! ఎలా ఓర్చుకున్నారయ్యా?

పొద్దున ఆ పేజీ నింపాను. నా దస్తూరీ. పుస్తకం ఆయనది.

ఇప్పుడు ఆ పేర్లు చదువుతాను. తరవాత మీతోపాటు నేను కూడా ఒక నిమిషం నోరు మూసుకుంటాను. అందరూ లేచి నిలబడండి. డాక్టరుగారితో కలిపి ఎనిమిది మంది కోసం.