డూప్లికేటు షబ్బీరు

హలో… ఆ, నేనే. పైపుల ఫ్యాక్టరీ, హెచ్.ఆర్. మేనేజరు వెంకటకృష్ణారావునే. ఎవరమ్మా?

…జుబియా. ఏ జుబియా?

…షబ్బీరు భార్యవా. ఆ, చెప్పు… ఏడుస్తూ చెబితే ఒక్క ముక్కా అర్థం కాదమ్మా. మెల్లిగా.

…చెయ్యా? ఏ మిషన్లో పడింది? …కటింగ్ మిషన్లో. పొద్దుటి షిఫ్టులో. మరి నాతో ఎవరూ అనలేదే—

…సరే, ఆసుపత్రిలో ఉన్నారు. …ఆపరేషన్ చేస్తే వేళ్ళు నిలుస్తాయంటున్నారు. మంచిదేగా, చెయ్యమను.

…ఓహో. ఇతను మా మనిషేనని లెటరు కావాలి. గ్రూపు ఇన్సూరెన్సుంది కదా, అందుకు. …సాయంత్రంలోపు రాకపోతే వేళ్ళు తీసేస్తారా? దాని కోసం ఇంత కంగారెందుకమ్మా, ఇప్పుడే ఫ్యాక్స్ చేయిస్తాను. ఇదివరకైతే రిజిస్టర్లు దించి, దుమ్ము దులిపి, పూటంతా వెతికేవాళ్ళం. ఇప్పుడు అంతా ఎక్సెల్లో పెట్టేశాను. పేరు కొడితే మనిషి ఎదురుగా వచ్చి నిలబడతాడు. లైన్లో ఉండు.

షేక్… షబ్బీర్… ఇదిగో, వచ్చాడు. కటింగ్ సెక్షన్, హెల్పరు. ఊరు కొండపల్లి—

…భవానీపురమా? ఇక్కడ కొండపల్లనే ఉంది.

అమ్మా, ఒక్క మాట. షబ్బీరు ఇక్కడే ఉన్నాడు. నా గది అద్దంలోంచి కనపడుతున్నాడు. బల్ల మీద కూచుని టీ తాగుతున్నాడు. రెండు చేతులూ ఉన్నాయి. నువ్వెవరో, పొద్దున్నే ఈ ఆటలేంటో—

…ఇంకో షబ్బీరా?

…ఆ… ఆ. పొట్టిగా ఉంటాడు, జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుంది. గుర్తొచ్చాడు. అవును, ఇద్దరుండాలి కదూ. మరి రెండోవాడేడీ…

అరెరె.

…నవ్వట్లేదమ్మా. సంగతేంటో ఇప్పుడు తెలిసింది, అంతే.

…చెబుతాను, విను. కొత్త ఎక్సెల్లో ఒక బటన్ ఇచ్చారు. రిమూవ్ డూప్లికేట్స్ అని. ఒకే పేరు పొరపాటున రెండుసార్లు పడిందనుకో, అది నొక్కితే రెండోది తీసేస్తుంది. లిస్టు తయారయ్యాక నొక్కాను. ఒక డూప్లికేటు దొరికింది, తీసేశాను, మిగతావన్నీ ఎవరికి వారే అని చిన్న డబ్బా వచ్చింది. ఓకే కొట్టాను. …మీ ఆయనేనమ్మా అది.

…తేడా ఏముంది? ఇతనూ షేక్ షబ్బీరే, అతనూ షేక్ షబ్బీరే. ఒకే సెక్షను, ఇద్దరూ హెల్పర్లే. ఇళ్ళు మారుతుంటారని ఊరి కాలమ్ పోల్చొద్దని టిక్కు తీసేశాను. మీ ఆయన పుట్టిన తేదీ ఏంటి? …చూశావా, జూలై ఒకటి. ఇతనిదీ జూలై ఒకటే, అదే సంవత్సరం. బళ్ళో వేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు తేదీ చెప్పరు, పంతులు జూలై ఒకటి వేసి పడేస్తాడు. మా ఫ్యాక్టరీ సగం జూలై ఒకటినే పుట్టింది. కంప్యూటరేం చేస్తుంది పాపం.

…తండ్రి పేరు హుమాయూనా. ఇతని తండ్రి మస్తాను. నిజమే, అక్కడ తేడా ఉంది. ఆ కాలమ్ ఉండి ఉంటే దొరికిపోయేది. ప్రింటు తీస్తుంటే కాయితంలో పట్టక పక్క పేజీకి పోతోంది. ఎండీ గారికేమో అన్నీ ఒక్క వెడల్పులో కనపడాలి. అందుకని నాన్నల కాలమ్ తీసేశాను.

…ఐడీ కార్డా? నంబర్లు మారుస్తున్నామని పాతవి అందరి దగ్గరా తీసేసుకున్నాంగా. …కొత్తది రాలేదా అతనికి? లిస్టులో లేనివాడికి కార్డెలా వస్తుందమ్మా. …నన్నడిగాడా? నేనేమన్నాను? …‘నీ కార్డెక్కడికీ పోదు, పోయి పని చూసుకో’ అన్నానా. అని ఉంటాను.

…అబ్బే, మళ్ళీ కలపడం ఎంతసేపు. పాత ఫైలుంది నా దగ్గర. అందులోంచి కాపీ చేసి ఇందులో పెట్టడమే. ఉండు, తెరుస్తున్నా… ఇదిగో. షేక్ షబ్బీర్, తండ్రి హుమాయూన్, భవానీపురం. దొరికాడమ్మా మీ ఆయన.

…అయ్యో, అప్పుడే దండాలెందుకు. బాగానే ఉంది.

…ఏంటీ? …కవరా? మిషను బ్లేడు మీద కవరు ఊడిపోయిందని ఎవరు చెప్పారు నీకు? …అతనే చెప్పాడా. నాలుగు రోజుల్నుంచీ లేదా. …నీతోనే అన్నాడా, డాక్టరుతో కూడానా? …ఊఁ.

ఒక్క క్షణం. ఆలోచించుకోనీ.

…వింటున్నానమ్మా. ఎక్కడికీ పోలేదు.

అది కాదు. ఈ లిస్టు మొదటి తారీఖునే ఇన్సూరెన్సువాళ్ళకి వెళ్ళిపోయింది. ఎండీ గారు సంతకం పెట్టారు. మొన్న మీటింగులో నన్ను లేపి నిలబెట్టి అందరితో చప్పట్లు కొట్టించారు, నలుగురు గుమాస్తాల పని వెంకటకృష్ణారావు ఒక్కడే చేస్తున్నాడని. ఆ నలుగుర్నీ పంపించేశారు కూడా. ఇప్పుడు నేను ఆయన గదిలోకి వెళ్ళి, అయ్యా, ఒక బతికున్న మనిషిని చెరిపేశానండీ, పైగా వాడు కవరు లేని మిషన్లో చెయ్యి పెట్టాడండీ అని ఎలా చెప్పమంటావు?

…నిజమే, పొరపాటు నాదే. నాదే కాబట్టే చెబుతున్నాను, నేను చెప్పుకోలేను.

…పాత రిజిస్టర్లా? తూకానికి అమ్మేశాం. …జీతం చేతికిచ్చేవాళ్ళం, దానికి నీ దగ్గర కాయితమెక్కడుంటుంది.

జుబియా. వినమ్మా. పాత ఫైలు తీసేస్తున్నాను. …నిజంగానే తీసేయాలా అని కంప్యూటరు అడుగుతోంది. చూడు దాని మర్యాద, ప్రతిదానికీ ఒకసారి అడుగుతుంది.

…నిన్ను కాదమ్మా అడిగేది. నన్ను.

…అయిపోయింది.

…అరవకు. ఆసుపత్రిలో ఉన్నావు, పక్కన రోగులుంటారు.

…సాక్షి ఉన్నాడా? ఎవరు? …కొండపల్లి షబ్బీరా. ఇతనే ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చాడా మీ ఆయన్ని? …ఒకే కంచంలో తింటారా ఇద్దరూ. మంచిదే. అయితే అతన్నే అడుగుదాం. ఫోన్ పెట్టకు, నువ్వూ వినాలి.

షబ్బీరూ… ఇలా రావయ్యా లోపలికి. టీ గ్లాసుతోనే రా, పర్లేదు.

ఈ తెర మీద ఏముంది? …నీ పేరే. ఒక్క వరసే ఉంది చూడు. భవానీపురం షబ్బీరని ఇంకొకడున్నాడట, ఇక్కడే పని చేస్తాడట, చెయ్యి తెగిందట. వాణ్ణి ఇందులో పెట్టాలంటే నిన్ను తియ్యాలి. …ఇద్దర్నీ పెట్టడం కుదరదు. …ఎందుకు కుదరదంటే, నేను కుదరదంటున్నాను కాబట్టి. ఇప్పుడు చెప్పు, అలాంటి మనిషి నీకు తెలుసా?

…ఫోన్లో ఎవరుంటే నీకెందుకు. అడిగినదానికి చెప్పు.

…నాకు వినపడితే చాలదు. ఇదిగో, ఇందులోకి చెప్పు.

…ఆ. తెలీదు. ఇంకోసారి.

…సరే. చొక్కా మీద ఆ మరకేంటి? …గ్రీజా. గ్రీజు ఎర్రగా ఉంటుందా? …ఉంటుందిలే. నువ్వు ఉంటుందంటే ఉంటుంది. అక్కడే నించో, పోకు.

హలో, జుబియా. విన్నావుగా?

…నేను నేర్పలేదమ్మా. అతని నోటితో అతనే అన్నాడు. …తమ్ముడిలాంటివాడైతే మాత్రం, అతనికీ పిల్లలున్నారు కదా.

…లేదు, అతనికి ఫోనివ్వను. పని వేళ ఇది.

…సరే, నీ మంచికో మాట చెబుతాను. అతనికి తగ్గాక కొత్తగా అప్లికేషన్ పెట్టించు. ఖాళీ ఉంటే చూద్దాం. …కుడి చెయ్యా తెగింది? ఓహో. అయితే సంతకం కష్టమే. ఎడమచేతి వేలిముద్రయినా చెల్లుతుంది, దానికేం. తండ్రి పేరు మాత్రం రాయించకు. ఆ కాలమ్ లేదు.

…హలో?

…హలో… జుబియా…

పెట్టేసింది.

షబ్బీరూ, ఆ గ్లాసు తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసెయ్యి. …అటూ ఇటూ చూస్తావేంటయ్యా? నిన్నే. ఇంకో షబ్బీరెవడున్నాడు ఇక్కడ?