స్వాల్‌బార్డ్‌లో పదకొండు నెలలు

నార్వేలోని ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ ఉద్యోగుల వీసాలు చూసే గది అది. చిలీ నుంచి వచ్చిన మంచు పరిశోధకురాలు వలసల శాఖ పంపిన ఉత్తరం తెచ్చి, ఆ పని చూసే పెద్దాయన బల్లమీద పెట్టింది.

“శాశ్వత నివాసం కుదరదన్నారు. మూడేళ్లలో పదకొండు నెలలు నేను దేశంలోనే లేనట! నేనెప్పుడు దాటానండీ దేశం?”

“ఏదీ, చూడనీ... ఇవి నువ్వు స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న రోజులమ్మా.”

“స్వాల్‌బార్డ్ నార్వేది కాదా?”

“నార్వేదే. కానీ నివాసం లెక్కలోకి రాదట. ఇదిగో, రాశారు.”

“మరి నన్నక్కడికి పంపిందెవరు?”

“నేనే. టికెట్ కూడా నేనే తీశాను.”

“పన్నెండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నారు, మీకు తెలీదా?”

“ఒట్టు, తెలీదు.”

“ఇప్పుడు నా గతేంటి?”

“ఉద్యోగం ఉంది కాబట్టి పాత పర్మిట్ పొడిగిస్తారు. ఆ పదకొండు నెలలు మాత్రం పోయినట్టే.”

“పోయినట్టేనా? ఎంత తేలిగ్గా అనేశారు! అదేంటి, అలా పాలిపోయారు?”

“సోమవారమే ఇంకో నలుగురిని అక్కడికి విమానం ఎక్కించానమ్మా. ఏడాదికి. ఒక్కరికీ ఈ మాట చెప్పలేదు.”

ఆమె బల్లమీది ఫోన్‌ను ఆయన ముందుకు జరిపింది.

“నా అర్జీ తర్వాత రాద్దాం. ముందు వాళ్లకి చెప్పండి.”