నూట పన్నెండో ప్రశ్న

విలేకరుల కంట పడకుండా గవర్నరమ్మను లాండ్రీ వ్యానులో ఆ ఒహాయో మోటెలుకు తీసుకొచ్చారు. ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఆమె పనికొస్తుందో లేదో తేల్చడానికి అధ్యక్ష అభ్యర్థి హాల్వర్సన్ పంపిన లాయరు, ప్రశ్నల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు.

“నూట పన్నెండో ప్రశ్న మేడమ్. మీ కుటుంబంలో ఎవరైనా జైలుకెళ్లారా?”

“మా అబ్బాయి ట్రెవర్. మత్తు మాత్రలు అమ్మాడు. ఇంకా నాలుగేళ్లుంది. రాష్ట్రమంతటికీ తెలుసు, మీకు తెలీదా?”

“తెలుసు. మీ నోటితో వినాలని అడిగా. క్షమాభిక్ష మీ చేతిలో పనే కదా, పెట్టలేదేం?”

“వాడు అడగలేదు, నేను పెట్టలేదు. తప్పు చేశాడు, శిక్ష పడింది.”

“బాగుంది, జనానికి ఇది నచ్చుతుంది. మరి చూడ్డానికి వెళ్తుంటారా?”

“ప్రతి ఆదివారం. అక్కడి మెషీన్లో చికెన్ శాండ్‌విచ్ ఒకటి కొని చెరి సగం తింటాం.”

“అదే వచ్చిన చిక్కు. జైలు గేటు దగ్గర మీ ఫొటో ఒక్కటి దొరికితే చాలు, అవతలి వాళ్లు మమ్మల్ని ఉతికి ఆరేస్తారు. ఎన్నికలయ్యేదాకా మానేయండి. పది ఆదివారాలేగా.”

“మీకు పదే, లాయరు గారూ. వాడికి వారమంటే ఆ ఒక్క రోజే.”

“మేడమ్, జాబితాలో మిగిలింది ఇద్దరే. రెండో ఆయన పక్క గదిలోనే ఉన్నాడు.”

“పాపం, ఆయన్ని ఏ వ్యానులో తెచ్చారు?”

“వేళాకోళం కాదు. హాల్వర్సన్ గారికి ఏం చెప్పమంటారు?”

“సోమవారం నుంచి శనివారం దాకా ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతానని చెప్పండి. ఆదివారాలు కూడా కావాలంటే, పక్క గది తలుపు కొట్టమనండి.”